నడిమి రోజులు

మాది సూళ్లూరుపేట. పులికాట్ సరస్సుకు ఈ పక్కన మేము, ఆ పక్కన శ్రీహరికోట. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు మా వీధిలో మిద్దెలన్నీ నిండిపోయేవి. ముందు చెట్ల తలల మీదుగా వెలుగు లేచేది. శబ్దం తీరిగ్గా, ఆ తరువాత వచ్చేది. అది వచ్చేసరికి కిటికీ రెక్కలు చిన్నగా అదిరేవి, చంకలోని పిల్లలు ఏడుపు లంకించుకునేవారు. రెండు మూడు నిమిషాలపాటు తెల్లటి చార ఒకటి సముద్రం వైపు వంగుతూ, సన్నబడుతూ మాయమయ్యేది. మా నాన్న కళ్లకు అడ్డం పెట్టుకున్న చెయ్యి దించి ప్రతిసారీ ఒకే మాట అనేవారు: "పోయింది." అందరం కిందికి దిగి కాఫీలు తాగేవాళ్లం.

"పోయింది" అనేది మా ఊళ్లో మంచి మాటే. పడలేదు, పేలలేదు, వెళ్లింది అని అర్థం. అయితే ఎక్కడికి వెళ్లింది, వెళ్లి ఏం చేస్తోంది అని మా మిద్దె మీద ఎవరైనా అడిగినట్టు నాకు గుర్తు లేదు. ఉపగ్రహం ఏళ్ల తరబడి పనిచేసినా మా వీధి లెక్కలో దాని ఆయుష్షు మూడు నిమిషాలు.

నాకు పేచీ ఈ అలవాటుతోనే. పెళ్లికి వెళ్లి, అక్షింతలు వేసి, భోజనం చేసి వచ్చేసే బంధువుల్లాగా మనం రోదసి యాత్రలను చూస్తాం. కాపురం ఎలా సాగుతోందో మనకు పట్టదు. మళ్లీ ఏదైనా గొడవ జరిగిందని తెలిస్తే మాత్రం అందరికంటే ముందు మనమే అక్కడ ఉంటాం. మనుషులను మోసుకెళ్లిన వ్యోమనౌక విషయంలో ఈ నిర్లక్ష్యం ఎంత ఖరీదైనదో నాకు రెండు షటిల్ యాత్రలు నేర్పాయి. షటిల్ అంటే రాకెట్టులా లేచి విమానంలా దిగే అమెరికా వ్యోమనౌక. ఒకదాన్ని నేను అసలు పట్టించుకోలేదు. రెండోదాన్ని రోజూ వెంబడించాను.

పట్టించుకోనిది కొలంబియా.

2003 ఫిబ్రవరి 1, శనివారం. హైదరాబాదులో ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. రాత్రి ఎనిమిది ప్రాంతంలో మెస్సులో భోజనానికి కూర్చుంటే అందరూ పళ్లేలు వదిలేసి టీవీ ముందు నిలబడి ఉన్నారు. నీలాకాశంలో ఒక తెల్లటి గీత నాలుగైదు గీతలుగా చీలిపోతూ కనిపించింది. కల్పనా చావ్లా, ఆమెతో ఉన్న ఆరుగురు టెక్సాస్ మీదుగా, నేలకు దాదాపు 60 కిలోమీటర్ల ఎత్తున, దిగడానికి ఇంకా పదహారు నిమిషాలు ఉందనగా పోయారు. ఇక్కడ "పోయారు" అనే మాటకు అర్థం వేరు.

ఆ రాత్రి నన్ను పట్టి కుదిపింది దుఃఖం ఒక్కటే కాదు. ఆ మనుషులు పదహారు రోజులుగా పైన ఉన్నారన్న సంగతే నాకు స్ఫురణలో లేదు. జనవరి 16న బయలుదేరినప్పుడు పేపర్లో వార్త చదివాను. హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన మన అమ్మాయి రెండోసారి వెళుతోందని గర్వపడ్డాను కూడా. ఆ పేపరు పాత పేపర్ల కట్టలో పడింది, నా దృష్టిలో యాత్ర అయిపోయింది. సంక్రాంతి సెలవుల నుంచి తిరిగొచ్చి, పనిలో మునిగి, రెండు సినిమాలు చూసి, ఒకసారి జ్వరం తెచ్చుకున్నాను. అంతసేపూ వాళ్లు ప్రతి గంటన్నరకూ ఒకసారి భూమిని చుట్టి వస్తూనే ఉన్నారు.

అపరాధ భావం కొన్నిసార్లు మనిషిని చదివిస్తుంది. ఆ ఏడాది ఆగస్టులో ప్రమాద విచారణ సంఘం నివేదిక వచ్చింది. నెట్ సెంటర్లో కూర్చుని విడతలు విడతలుగా చదివాను. ఆ పదహారు రోజుల్లో పైన ఒక కథ, కింద ఒక కథ నడిచాయని అప్పుడు తెలిసింది.

పైన కథ చక్కగా ఉంది. ఏడుగురూ ఎరుపు, నీలం అని రెండు జట్లుగా విడిపోయి ఇరవై నాలుగు గంటలూ వంతుల వారీగా పనిచేశారు. కొలంబియా ఆ యాత్రలో భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లలేదు, అది పూర్తిగా పరిశోధనల యాత్ర. దాదాపు 80 ప్రయోగాలు. భారం లేనిచోట మంట గుండ్రటి బంతిలా ఎలా నిలుస్తుందో చూశారు. సముద్రాల మీద ధూళి మేఘాలను చిత్రించారు. కల్పన ఎరుపు జట్టు. ప్రయోగాలతోపాటు ఫ్లైట్ ఇంజినీరు బాధ్యత కూడా ఆమెదే. వానపాముల కంటే ఎంతో చిన్నవైన నులిపురుగులు కొన్ని ఆ నౌకలో డబ్బాల్లో వెళ్లాయి, శిథిలాల్లో అవి ప్రాణాలతో దొరికాయి. ఇది చదివినప్పుడు కాసేపు కంప్యూటరు ముందు నుంచి లేచి బయటికి వెళ్లి నిలబడ్డాను.

కింద కథ వేరు. బయలుదేరిన 82వ సెకను దగ్గర పెద్ద ఇంధన ట్యాంకు మీద పూతగా ఉండే ఫోమ్ (గట్టిపడిన నురగ) ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు కొట్టుకుంది. ముప్పావు కిలో బరువు ఉండే ముక్క, తగిలిన వేగం గంటకు 800 కిలోమీటర్లకు పైనే. మర్నాడే ఫిల్ములు చూసినవాళ్లు దాన్ని గుర్తించారు. అంటే రెండో రోజుకే సంగతి బయటపడింది. ఎంత దెబ్బ తగిలిందో తెలుసుకోవాలంటే రెక్కను చూడాలి. గూఢచారి ఉపగ్రహాలతో ఫొటోలు తీయించమని ఇంజినీర్లు వేర్వేరు దారుల్లో అడిగారు. ఆ అభ్యర్థన పైకి వెళ్లింది, పైనుంచి రద్దయింది. ఎనిమిదో రోజున నేల మీది నియంత్రణ కేంద్రం నుంచి కమాండరు రిక్ హస్‌బండ్‌కు, పైలట్ విలియం మెక్‌కూల్‌కు ఒక ఈ-మెయిల్ వెళ్లింది. ఫోమ్ తగిలింది, దిగడానికి దానివల్ల ఏ ఆందోళనా లేదు, విలేకరులు అడిగితే చెప్పడానికి వీలుగా ఉంటుందని తెలియజేస్తున్నాం అని దాని సారాంశం.

అదే ఏడాది జూలైలో టెక్సాస్‌లోని ఒక ప్రయోగశాలలో అలాంటి ఫోమ్ ముక్కనే తుపాకీలాంటి యంత్రంతో రెక్క అంచు పలక మీదికి కొట్టి చూశారు. అడుగు కంటే పెద్ద రంధ్రం పడింది. కొలంబియా దిగేటప్పుడు వేడి గాలి రెక్కలోకి దూరింది అలాంటి రంధ్రంలోంచే.

నివేదికలో నన్ను ఇప్పటికీ వదలని భాగం ఇంకొకటి ఉంది. రెక్కకు తగిలిన దెబ్బ ఏడో రోజుకల్లా తెలిసి ఉంటే రక్షణకు అవకాశం ఉండేదా అని విచారణ సంఘం లెక్క వేయించింది. కష్టమే, ప్రమాదమే, అయినా సాధ్యమే అని తేలింది. కొలంబియాలో ఉన్న సరుకులను పొదుపుగా వాడితే ముప్పై రోజులు బతకొచ్చు. మార్చి 1న బయలుదేరాల్సిన అట్లాంటిస్ అప్పటికే సిద్ధమవుతోంది, దాన్ని హడావిడిగా ముందుకు జరిపి పంపాలి. ఆ మార్చి యాత్ర పేరు ఎస్‌టీఎస్-114. దానికి కమాండరు ఐలీన్ కాలిన్స్. ఆ సంఖ్యను, ఆ పేరును గుర్తు పెట్టుకోండి.

ప్రమాదం జరిగిన నాలుగు రోజులకు మన దేశంలో ఒక పేరు మార్పు జరిగింది. 2002 సెప్టెంబర్ 12న శ్రీహరికోట నుంచి వెళ్లిన మెట్‌శాట్ అనే వాతావరణ ఉపగ్రహానికి కల్పన-1 అని పేరు పెట్టారు. మా నాన్న మిద్దె మీద నిలబడి "పోయింది" అన్న రాకెట్లలో అదీ ఒకటి. ఫోనులో చెబితే చాలాసేపు మాట్లాడలేదు. "అయితే అది ఇప్పుడు పైనే ఉందా?" అని అడిగారు. ఉందని చెప్పాను. రోజూ టీవీలో మేఘాల బొమ్మ చూపిస్తారే, అందులో దాని పనీ ఉందని చెప్పాను. ఆయన జీవితంలో ఒక రాకెట్టుకు మూడు నిమిషాల తరువాత కూడా బతుకు ఉండడం అదే మొదటిసారి అనుకుంటాను.

రెండున్నరేళ్ల తరువాత షటిళ్లు మళ్లీ ఎగరడానికి సిద్ధమైతే, తొలి యాత్ర అదే ఎస్‌టీఎస్-114. కమాండరు ఆవిడే. నౌక మాత్రం మారింది, డిస్కవరీ. ఈసారి మొదటి నుంచి చివరి దాకా వదలకూడదని ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాను. జూలై 13న బయలుదేరాల్సింది ఇంధన ట్యాంకులోని ఒక సెన్సరు మొండికేయడంతో ఆగింది. నోటుబుక్కు మొదటి పేజీలో రెండు వారాలపాటు ఒక్క వాక్యమే ఉంది.

2005 జూలై 26, మంగళవారం, మన కాలమానంలో రాత్రి 8 గంటల 9 నిమిషాలకు డిస్కవరీ లేచింది. ఫ్లోరిడా గడియారంలో ఉదయం 10:39. కొలంబియా చివరిసారి లేచినప్పుడు కూడా అక్కడి గడియారంలో సరిగ్గా 10:39. శకునాలను నేను నమ్మను కానీ ఆ అంకె రాసేటప్పుడు కలం కాస్త ఆగింది. ఇక మన దేశంలో ఆ ప్రయోగాన్ని గుర్తు పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటారా అంటే అనుమానమే. అదే రోజు ముంబయి మునిగిపోయింది. శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వర్షం. టీవీలన్నీ నడుము లోతు నీళ్లలో నడుస్తున్న మనుషులను చూపిస్తుంటే, షటిల్ వార్త అడుగున జారిపోయే అక్షరాల వరుసలో ఒకటి రెండు సార్లు కనిపించి పోయింది. అందులో తప్పేమీ లేదు. నేను కూడా ఆ రాత్రి సగం సమయం అంధేరీలో ఉన్న స్నేహితుడి ఫోను కలపడంలోనే గడిపాను.

కక్ష్యలో ఉన్న నౌకను వెంబడించడం అంటే ఏమిటో అలవాటు లేనివాళ్లకు చెప్పాలి. నాసా టీవీ ప్రసారం నెట్‌లో వచ్చేది, మా నెట్ సెంటర్ వేగానికి అది చిత్రం కంటే చిత్రపటానికి దగ్గరగా ఉండేది. ఒక ముఖం కదలాలంటే పది సెకన్లు. మాట మాత్రం బాగానే వినిపించేది. అందుకని చూడడం మానేసి వినడం మొదలుపెట్టాను. అవి కాక వరుస సంఖ్యలతో రోజువారీ స్థితి నివేదికలు వచ్చేవి. ఆఫీసులో వాటిని ముద్రించుకుని, లెక్కల కాగితాల మధ్య పెట్టుకుని చదివేవాణ్ణి. వాళ్ల పని గంటలు ఎక్కువగా మన పగటిపూట పడ్డాయి, నా పని గంటలు ఏమయ్యాయో అడగకండి.

వినగా వినగా కొన్ని విషయాలు అర్థమవుతాయి. మొదటిది, పైన రోజుకు మన తేదీ ఉండదు. ఎగిరిన క్షణం సున్నా, అక్కడి నుంచి ఇన్ని రోజులు, ఇన్ని గంటలు, ఇన్ని నిమిషాలు. ఉద్యోగంలో చేరినవాడికి చేరిన తేదీ నుంచి సర్వీసు లెక్క కట్టినట్టు. రెండోది, నియంత్రణ కేంద్రంలో ఎంతమంది ఉన్నా వ్యోమగాములతో మాట్లాడే గొంతు ఒక్కటే. ఆ కుర్చీలో కూర్చునేది సాధారణంగా మరో వ్యోమగామి. లోపల ఎన్ని వాదనలు జరిగినా పైకి వెళ్లేది ఒక్క మాట, అదీ పైన ఉండి వచ్చినవాడి నోటి నుంచి. మూడోది, మౌనం. చాలాసేపు ఎవరూ ఏమీ మాట్లాడరు. ఫ్యాను హోరు లాంటి శబ్దం, ఎక్కడో ఒక దగ్గు. మొదటి రెండు రోజులు ఆ మౌనం నాకు కంగారు పుట్టించేది. తరువాత తెలిసింది, అక్కడ అన్నీ బాగుంటే వినిపించేది అదేనని.

మూడో రోజు, జూలై 28. మనకు సాయంత్రం నాలుగు ప్రాంతం. డిస్కవరీ అంతరిక్ష కేంద్రాన్ని చేరుకుంటోంది. 180 మీటర్ల దూరంలో, కేంద్రానికి సరిగ్గా కింద కాలిన్స్ నౌకను నిలిపి, మెల్లగా పల్టీ కొట్టించారు. ముక్కు లేచింది, పొట్ట కేంద్రం వైపు తిరిగింది, మళ్లీ యథాస్థానానికి వచ్చింది. షటిల్ చరిత్రలో అలా ఎవరూ చేయలేదు. కేంద్రం కిటికీల్లో ఇద్దరు, రష్యాకు చెందిన సెర్గీ క్రికల్యోవ్, అమెరికాకు చెందిన జాన్ ఫిలిప్స్, పొడవాటి లెన్సులతో సిద్ధంగా ఉన్నారు. పొట్ట కనబడే ఒకటిన్నర నిమిషంలో వీలైనన్ని ఫొటోలు తీశారు. డిస్కవరీ వేగం, కేంద్రం వేగం రెండూ సెకనుకు 7 కిలోమీటర్లకు పైనే. కన్యాకుమారి మీద ఉన్నవాళ్లు ఏడు నిమిషాల్లో కాశ్మీరు మీద ఉంటారు. ఆ వేగంలో పక్కపక్కనే ఎగురుతూ ఒకరికొకరు పొట్ట చూపించుకోవడం! మా నెట్ సెంటర్ తెర మీద అది చీకట్లో దొర్లుతున్న తెల్ల మరమరం గింజలా కనిపించింది. నాకు అదే చాలు.

ఆ ఫొటోల్లో ఏముందనేది అసలు సంగతి. కొలంబియా రెక్కను ఎవరూ చూడలేదు. డిస్కవరీని అంగుళం అంగుళం చూశారు. బయలుదేరేటప్పుడు వందకు పైగా కెమెరాలు, ఎక్కాక రోబో చేతికి 15 మీటర్ల పొడుగు కర్ర తగిలించి రెక్కల అంచుల వెంట తడుములాట, ఆ మీదట ఈ పల్టీ. అప్పటికే ఒక చేదు నిజం బయటపడి ఉంది. ఈసారి కూడా ట్యాంకు నుంచి పెద్ద ఫోమ్ ముక్క ఊడింది. అదృష్టవశాత్తు నౌకకు తగల్లేదు. ప్రయోగం జరిగిన మర్నాడే, ఈ లోపం సరిచేసేదాకా ఇంకో షటిల్ ఎగరదని నాసా ప్రకటించింది. ఒక నౌక ఆకాశంలో ఉండగానే దాని తోబుట్టువులను షెడ్డులోనే ఉంచేస్తున్నామని చెప్పడం! రెండున్నరేళ్ల శ్రమ తరువాత అంత పరువు తక్కువ మాటను అదే వారంలో, అందరి ముందూ ఒప్పుకున్నారు. నాసా మీద నాకు గౌరవం పెరిగిన రోజు ఏదైనా ఉందంటే అది ఇదే. పైకి లేచేటప్పుడు ట్యాంకు ముక్కుకు ఒక పెద్ద పక్షి తగలడం కూడా కెమెరాలో పడింది. రాబందు జాతిది. పాపం, దాని గురించి ఎవరూ విచారణ సంఘం వేయలేదు.

ఫొటోల్లో ఇంకో చిన్న విషయం తేలింది. నౌక పొట్టకు అంటించిన వేల సిరామిక్ పలకల మధ్య సందుల్లో గట్టి గుడ్డ ముక్కలు దూర్చి ఉంటాయి. దళసరి కాగితం అంత మందం. ముక్కు కింది భాగంలో అలాంటివి రెండు బయటికి పొడుచుకువచ్చాయి, ఒకటి సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఇంతేనా అనిపిస్తుంది. పంట కాలువలో నున్నగా పారుతున్న నీటికి ఒక రాయి అడ్డం పెట్టి చూడండి. రాయి దాటాక ఎంత దూరం నీళ్లు సుళ్లు తిరుగుతాయో చూస్తే ఇంజినీర్ల భయం అర్థమవుతుంది. వాతావరణంలోకి దిగేటప్పుడు పొట్ట మీదుగా జారే వేడి గాలి అలా ముందుగానే సుడి తిరిగితే, ఆ వెనక ఉన్న పలకలు అనుకున్నదాని కంటే ఎక్కువ వేడెక్కుతాయి. ఎంత ఎక్కువ? అక్కడ లెక్కలు తేలలేదు. ఇలాంటివి పాత యాత్రల్లోనూ దిగాక పరీక్షిస్తే కనిపించేవి, ఏమీ కాలేదు అని కొందరు. పొట్ట కిందికి మనిషిని పంపితే అతడి హెల్మెట్టు తగిలి పలకే పగిలితే, అని మరికొందరు. చివరికి ఎంతవరకు ప్రమాదమో చెప్పలేకపోతున్నాం కాబట్టి తీసేద్దాం అని నిర్ణయించారు. కొలంబియా సమావేశాల్లో ఇదే అనిశ్చితిని "ఆందోళన లేదు" అని చదువుకున్నారు.

ఆగస్టు 3, బుధవారం. డిస్కవరీ వ్యోమగామి స్టీవ్ రాబిన్సన్ అంతరిక్ష కేంద్రం రోబో చేయి చివర పాదాలు ఇరికించుకుని నిలబడ్డారు. లోపల జేమ్స్ కెల్లీ, వెండీ లారెన్స్ ఆ చేతిని నడిపిస్తున్నారు. షటిల్ పొట్ట కిందికి అప్పటిదాకా ఏ మనిషీ కక్ష్యలో వెళ్లలేదు. ఆయన దగ్గర పనిముట్లు ఉన్నాయి. వేళ్లతో రాకపోతే పట్టకారు, దానికీ రాకపోతే రంపం. ఆ రంపం కూడా నౌకలో ఉన్న బ్లేడును టేపుతో, ప్లాస్టిక్ పట్టీలతో కట్టి అక్కడికక్కడే తయారుచేసుకున్నది. మనవాళ్లు విరిగిన కుర్చీకి తీగ చుట్టినట్టు. ఆఫీసు నుంచి తొందరగా బయటపడి నెట్ సెంటర్‌కు చేరేసరికి ఆరయింది. పక్క కుర్చీలో ఒక కుర్రాడు ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ జాబితా చూసుకుంటున్నాడు. నా తెర మీద పలకల నల్లటి గోడ, దాని ముందు ఒక తెల్ల చేతి తొడుగు. రాబిన్సన్ రెండు వేళ్లతో గుడ్డ కొసను పట్టుకుని లాగారు. వచ్చేసింది. పుస్తకంలోంచి కాగితం గుర్తు తీసినంత తేలిగ్గా. రెండోది కూడా అంతే. రంపంతో పని పడలేదు. "ఏమైంది సార్?" అని ఆ కుర్రాడు అడిగాడు, నేను గట్టిగా ఊపిరి వదిలానేమో. ఏమీ కాలేదని చెప్పాను. నిజంగానే ఏమీ కాలేదు, దానికోసమే ఇంత.

ఆ తరువాత కమాండరు కిటికీ కింద ఒక ఉష్ణ కవచపు దుప్పటి ఉబ్బిందని ఇంకో వివాదం. గాలి సొరంగంలో అలాంటిదాన్ని పెట్టి పరీక్షించి, దానికోసం మళ్లీ నౌక బయటికి, ఆ యాత్రలో నాలుగో అంతరిక్ష నడకకు, వెళ్లక్కరలేదని మర్నాడు తేల్చారు. తక్కిన రోజులు ఏం చేశారని అడిగితే, సామాన్లు మోశారు. అక్షరాలా. రఫాయెల్లో అనే గదంత పెట్టెను కేంద్రానికి తగిలించి, తెచ్చిన సరుకులు దించి, కేంద్రంలో పేరుకుపోయిన పాత సామాను, చెత్త ఎక్కించారు. సంచి నంబరు, ఏ అరలోంచి ఏ అరలోకి. ఆ భాగాన్ని కూడా వినగలిగినవాడే నిజంగా వెంబడించినట్టు అని అప్పట్లో గొప్పలు పోయేవాణ్ణి. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, రెండు సార్లు కుర్చీలో నిద్రపోయాను.

దీనికి ఎదురు వాదన ఏమిటో నాకు తెలుసు. నా స్నేహితుడు ఒకడు ఇరవై ఏళ్లుగా దాన్నే వినిపిస్తున్నాడు. నువ్వు నెట్ సెంటర్లో కూర్చుని గంటకు ఇరవై రూపాయలు తగలేయడం వల్ల ఆ గుడ్డ ముక్క ఊడిందా? ఊడలేదు. 2003లో నువ్వు ఇంతే శ్రద్ధగా కొలంబియాను వెంబడించి ఉంటే ఆ ఏడుగురు బతికేవారా? బతికేవారు కారు. మొదటిది తేలిక. రెండో ప్రశ్న దగ్గర నేను చాలాకాలం తడబడ్డాను. ఎందుకంటే 2003లో కూడా ప్రసారాలు ఉన్నాయి, నివేదికలు ఉన్నాయి. పదహారు రోజులూ రాత్రింబవళ్లు చూసినవాడికి కూడా మంట బంతులు, ధూళి మేఘాలు, నవ్వు ముఖాలు కనిపించేవి. రెక్క గురించిన ఉత్తరాలు లోపలే తిరిగాయి. వెంబడించడం మంచిదని మాత్రమే చెబితే నా వాదన అక్కడే కూలిపోతుంది.

కాబట్టి దాన్ని సరిచేసుకుంటున్నాను. 2003కూ 2005కూ తేడా ప్రేక్షకుడి శ్రద్ధలో లేదు, వాళ్లు తెరిచిన తలుపుల్లో ఉంది. రెండోసారి ఊడిన ఫోమ్ బొమ్మ, ఉబ్బిన దుప్పటి బొమ్మ, పొడుచుకొచ్చిన గుడ్డ బొమ్మ నేలమీది ఇంజినీర్లతో దాదాపు సమానంగా నాకూ అందాయి. వాళ్ల సందేహాలు విలేకరుల సమావేశాల్లో సందేహాలుగానే బయటికి వచ్చాయి. అందువల్ల పత్రికలు అతి చేశాయనేది నిజం. ఒక గుడ్డ ముక్కను మృత్యుపాశంగా రాసినవాళ్లు ఉన్నారు. ఇంత వెతికితే ప్రతి గీతా పగులులాగే కనిపిస్తుంది అని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు, అందులో కొంత న్యాయముంది. అయినా అతి భయాన్ని సరిదిద్దడానికి మర్నాడు ఉంటుంది. లోపల నొక్కేసిన సందేహానికి అది ఉండదు. నడిమి రోజులను తెరిచి ఉంచమని అడిగేవాళ్లు కావాలంటే, ముందు ఆ రోజులను చూసే అలవాటున్నవాళ్లు కావాలి. మూడు నిమిషాల తరువాత కాఫీకి దిగిపోయేవాళ్లు దేన్నీ అడగలేరు.

ఇది అమెరికా ముచ్చట మాత్రమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. 2019 సెప్టెంబర్ 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్‌తో సంబంధం తెగినప్పుడు దేశమంతా మేలుకుని ఉంది. అది కూలిందా, వాలిందా, ఎక్కడ ఉంది? చంద్రుడి చుట్టూ తిరుగుతున్న ఆర్బిటర్ దాన్ని గుర్తించిందని ఇస్రో మర్నాడు చెప్పింది, చిత్రం బయటపెట్టలేదు. వేగంగా పడిందని స్పష్టంగా చెప్పిన మాట నవంబరులో లోక్‌సభకు ఇచ్చిన లిఖితపూర్వక సమాధానంలో వచ్చింది. శిథిలాల జాడ ప్రపంచానికి ఎలా తెలిసిందో గుర్తుందా? షణ్ముగ సుబ్రమణియన్ అనే చెన్నై ఇంజినీరు, నాసా చంద్ర ఉపగ్రహం తీసి అందరికీ అందుబాటులో పెట్టిన ఫొటోలను తన కంప్యూటర్లో పక్కపక్కన పెట్టుకుని, పాతదాంట్లో లేని ఒక చుక్కను కొత్తదాంట్లో పట్టుకున్నాడు. డిసెంబరులో నాసా ఆ ఘనత అతడిదేనని ప్రకటించింది. అతడు వెంబడించాడు, కానీ అతడు చూసిన తలుపు వేరేవాళ్లు తెరిచిపెట్టింది. శ్రీహరికోట నుంచి వెళ్లిన నౌక సంగతి సూళ్లూరుపేటవాడికి అమెరికా మీదుగా తెలియాలా?

ఇస్రోకు చేతకాదని కాదు. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ పరీక్ష రాకెట్టు ఐదు సెకన్ల ముందు ఆగిపోయినప్పుడు అందరూ చూస్తుండగానే ఆగింది, కారణం చెప్పారు, సరిచేసి ఆ ఉదయమే పంపారు. మనుషులు వెళ్లే రోజున కూడా ప్రయోగం ఇలాగే బ్రహ్మాండంగా చూపిస్తారు, అందులో నాకు సందేహం లేదు. నా భయమంతా ఆ తరువాతి రోజుల గురించే. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున మనవాళ్లు తిరుగుతున్నప్పుడు రోజూ ఒక స్థితి నివేదిక వస్తుందా? చిన్న లోపం కనిపిస్తే అది కనిపించిన రోజే చెబుతారా, దిగాక చెబుతారా? నియంత్రణ కేంద్రంలోని గొంతులు మనకు వినిపిస్తాయా? తెలుగులో రోజూ దాన్ని రాసే పత్రిక ఒక్కటైనా ఉంటుందా?

2025లో శుభాంశు శుక్లా పద్దెనిమిది రోజులు అంతరిక్ష కేంద్రంలో ఉన్నప్పుడు మన చానళ్లు చూపించిన తీరు చూశాక ఈ చివరి ప్రశ్నకు నాకు ఆశ తక్కువ. వెళ్లిన రోజు పండగ, ప్రధానమంత్రి మాట్లాడిన రోజు పండగ, దిగిన రోజు పండగ. మధ్యలో ఆయన ఏడు భారతీయ ప్రయోగాలు చూసుకున్నారు. పెసలు, మెంతులు మొలకెత్తించారు. భారం లేనిచోట మొలక ఏ దిక్కుకు తిరుగుతుంది, వేరు ఎటు దిగుతుంది? పెసరట్టు తినే జాతికి ఇంతకంటే ఆసక్తికరమైన వార్త ఏముంటుంది? లోపలి పేజీలో నాలుగు లైన్లు.

మళ్లీ 2005కు వస్తాను. ఆ రెండు వారాలూ మా నాన్న రాత్రి భోజనాలయ్యాక ఫోను చేసేవారు. "ఈరోజు ఏం చేశారు?" అని అడిగేవారు. నోటుబుక్కు తెరిచి చదివి వినిపించేవాణ్ణి. సామాన్లు మోసిన రోజులు ఆయనకు బాగా నచ్చాయి. ఆయన సొసైటీ గోడౌనులో లెక్కలు రాసిన మనిషి, సంచుల నంబర్లు ఎలా వేస్తారని అడిగారు. ఒకటి రెండు సార్లు అంతరిక్ష కేంద్రం మన మీదుగా వెళ్లే సమయం చూసి చెబితే మిద్దె ఎక్కారు. మబ్బులు. ఏమీ కనబడలేదు.

మబ్బుల వల్లే దిగడం కూడా ఒక రోజు వాయిదా పడింది, అక్కడి మబ్బులు. ఆగస్టు 9న మనకు సాయంత్రం 5 గంటల 41 నిమిషాలకు డిస్కవరీ కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ రన్‌వే మీద వాలింది. అక్కడ ఇంకా తెల్లవారలేదు. 13 రోజుల 21 గంటలు, 219 చుట్లు. ఆ అంకెలు రాసి, కింద స్కేలు పెట్టి రెండు గీతలు గీశాను. పని పూర్తయిన తృప్తితో ఆ రాత్రి తొందరగా పడుకున్నాను.

మర్నాడు రాత్రి మామూలు వేళకే ఫోను మోగింది.

"ఈరోజు ఏం చేశారు?"

"నిన్ననే దిగిపోయారు కదా నాన్నా. అయిపోయింది."

"వీళ్ల సంగతి తెలుసు. ఆ ఫొటోలు తీసిన ఇద్దరూ పైనే ఉన్నారు కదా, వాళ్లేం చేశారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆయనను లైన్‌లో ఉంచి నోటుబుక్కు తెరిచాను, గీతల కింద పేజీ ఖాళీగా ఉంది. మరుసటి మంగళవారం, ఆగస్టు 16న, క్రికల్యోవ్ రోదసిలో అందరికంటే ఎక్కువ రోజులు గడిపిన మనిషిగా అప్పటివరకు ఉన్న రికార్డును దాటారు. మా నాన్న అడగకపోతే ఆ రోజు నేను చూసి ఉండేవాణ్ణి కాదు.